ఆకు తినే నోళ్లకూ ఒక తోట

వినాయకచవితికి ముందురోజు మన బజార్లలో పత్రి కుప్పలు పోసి అమ్ముతారు. మారేడు, జిల్లేడు, ఉమ్మెత్త, గరిక, రేగు, మామిడి, గన్నేరు, రావి, మద్ది... మొత్తం ఇరవై ఒక్క రకాల ఆకులు. పూజయ్యాక పత్రి నిమజ్జనానికి వెళ్లిపోతుంది. ఆ జాబితాను మాత్రం ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. పెరట్లోకో, మేడ మీదికో సీతాకోకచిలుకలు, పిట్టలు, తుమ్మెదలు రావాలని కోరుకునేవాళ్లకు అది మంచి మొక్కల పట్టిక.

ఎలాగంటారా? మారేడు ఆకు నిమ్మ సీతాకోకచిలుక పిల్లలకు తిండి. జిల్లేడు ఆకు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పెరుగుతుంది. గన్నేరు మీదా రావి మీదా కామన్ క్రో అనే సీతాకోకచిలుక పిల్లలుంటాయి. దాని ప్యూపా ఆకు కింద వెండి పూత పూసినట్టు మెరుస్తూ వేలాడుతుంది. మామిడి ఆకు మధ్య ఈనె మీద కామన్ బారన్ గొంగళిపురుగు ఒదిగి పడుకుంటే, చెట్టు యజమానికి కూడా కనిపించదు. రేగు చెట్టును నమ్ముకుని స్ట్రైప్డ్ పియరో అనే చిన్న సీతాకోకచిలుక బతుకుతుంది. ఉమ్మెత్త ఆకును, వీపు మీద పుర్రె బొమ్మ ఉండే పెద్ద రెక్కల పురుగు పిల్లలు తింటాయి. మద్ది చెట్టు మీద పెరిగేది దసలి పట్టుపురుగు. తెలంగాణలో గోదావరి ఒడ్డున మహదేవపూర్ ప్రాంతంలో దసలి పట్టు రైతులకు బతుకుతెరువు ఆ మద్ది ఆకే.

ఇందులో మహిమ ఏమీ లేదు. పత్రిలో ఉన్నవి చాలావరకు మన నేల మీద ఎప్పటినుంచో ఉన్న మొక్కలు. ఈ నేల మీదే పుట్టిన పురుగులు వాటిని తినడం నేర్చుకున్నాయి. ఈ రెండు ముక్కల్లోనే జీవవైవిధ్యపు తోట సూత్రం మొత్తం ఉంది.

ఇప్పుడు కొత్త ఇళ్ల ముందూ, గేటెడ్ కమ్యూనిటీల్లోనూ, రోడ్ల మధ్య డివైడర్ల మీదా పెంచుతున్న పచ్చదనం చూడండి. కోనోకార్పస్, రకరకాల పామ్‌లు, క్రోటన్లు, కత్తిరించిన డురాంటా, కింద కార్పెట్ గడ్డి. ఆకు మీద మచ్చ ఉండదు. నర్సరీలో అదే గొప్పగా చెబుతారు, "దీనికి పురుగు పట్టదండీ" అని. పురుగు పట్టని మొక్క అంటే ఎవరికీ తిండి పెట్టని మొక్క. పచ్చగా ఉంటుంది, నీడా ఇస్తుంది, కానీ దాని చుట్టూ ఏ ప్రాణీ కాపురం చెయ్యదు. కోనోకార్పస్ నాటడాన్ని గుజరాత్ ప్రభుత్వం 2023లో ఏకంగా నిషేధించింది.

ఒక మామూలు పెరడు లెక్క

జీవజాతులకు చోటివ్వాలంటే ఎకరాలు కావాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదని ఇంగ్లండులో ఒక శాస్త్రవేత్త లెక్కకట్టి చూపించారు. లెస్టర్ నగరంలో జెనిఫర్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త తన ఇంటి తోటలో 1972 నుంచి 2001 దాకా, ముప్ఫై ఏళ్లు కనిపించిన ప్రతి ప్రాణినీ నమోదు చేశారు. తోట విస్తీర్ణం సుమారు 740 చదరపు మీటర్లు, మన లెక్కలో 885 గజాలు. అదేమీ అడవిలా వదిలేసిన స్థలం కాదు. పూలమొక్కలు, కూరగాయలు, పచ్చిక, నడిచే దారి ఉన్న మామూలు ఊరి తోట. పురుగుమందు మాత్రం వాడలేదు. ముప్ఫై ఏళ్లలో తేలిన జాతుల సంఖ్య 2,673. అందులో 1,997 కీటకాలే. వెన్నెముక ఉన్న జంతువులు, అంటే పక్షులు, కప్పలు, ఎలుకల వంటివి అన్నీ కలిపి 64.

చలిదేశపు తోటలోనే ఇన్ని ఉంటే, ఏడాదిలో ఎక్కువ కాలం ఆకు పచ్చగా ఉండే మన నేల సంగతి ఊహించుకోవచ్చు. ఒక్క సీతాకోకచిలుకలే మన దేశంలో 1,300 జాతులకు పైగా ఉన్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఆయనతో పనిచేసిన పరిశోధకులు తూర్పు తీరంలో ఏ పువ్వు దగ్గరికి ఏ పురుగు వస్తుంది, ఏ సీతాకోకచిలుక ఏ మొక్క మీద గుడ్డు పెడుతుంది అన్న విషయాలను ఏళ్ల తరబడి గమనించి రాశారు. వాళ్లు గమనించిన మొక్కల్లో చాలావాటిని మన వీధి చివర ఖాళీ స్థలంలో ఇప్పటికీ చూడొచ్చు.

ఆకుకూ పురుగుకూ పాత వైరం

సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలి తేనె తాగుతుంది. గుడ్డు మాత్రం ఏ ఆకు మీద పడితే ఆ ఆకు మీద పెట్టదు. దీనికి కారణం ఆకుల్లోని రసాయనాలు.

మొక్క కదలలేదు, పారిపోలేదు. అందుకే ఆకుల్లో విషాలు, చేదులు, ఘాటు నూనెలు నింపుకుంటుంది. కరివేపాకు వాసన, జిల్లేడు పాలు, వేపాకు చేదు, తులసి ఘాటు ఇలా వచ్చినవే. మనం వాటిని రుచి అనీ మందు అనీ అంటాం. మొక్కకు మాత్రం అవి ఆయుధాలు. ఆ విషాన్ని అరిగించుకునే శక్తి లక్షల ఏళ్లలో కొన్ని పురుగులకు వచ్చింది. ఒక మొక్క కుటుంబపు విషాన్ని తట్టుకోవడం నేర్చిన పురుగుకు అక్కడ పోటీ ఉండదు. దాంతో అది ఆ కుటుంబానికే అంకితమైపోతుంది. మిగతా మొక్కల విషం దానికి పడదు. 1964లో పాల్ ఎర్లిచ్, పీటర్ రేవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు సీతాకోకచిలుకల కుటుంబాలనూ, అవి తినే మొక్కల కుటుంబాలనూ పక్కపక్కన పెట్టి చూసి ఈ సంగతి వివరంగా చెప్పారు. మొక్కా పురుగూ ఒకదాన్ని చూసి ఒకటి మారుతూ వచ్చాయని, దాన్ని సహపరిణామం అనాలని వాళ్ల ప్రతిపాదన.

ఎక్కడో మరో ఖండం నుంచి తెచ్చి నాటిన అలంకరణ మొక్కకు ఇక్కడ ఇలాంటి చరిత్ర లేదు. దాని ఆకును అరిగించుకునే పురుగు ఇక్కడ ఉండదు. అందుకే ఆ ఆకు నిగనిగలాడుతుంది. అలాగని విదేశీ మొక్కలన్నీ దండగ అనుకోనక్కర్లేదు. సీతాఫలం అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. కానీ అది మన నరమామిడికి దూరపు చుట్టం, ఒకే కుటుంబం. అందువల్ల నరమామిడి మీద పెరిగే టెయిల్డ్ జే అనే ఆకుపచ్చ మచ్చల సీతాకోకచిలుక సీతాఫలం ఆకునూ తినేస్తుంది. మొక్క ఎక్కడిది అన్నదానికంటే దానికి ఇక్కడ బంధువులున్నారా లేదా అన్నది ముఖ్యం.

తేనె పూలనే చూసి మోసపోయే ప్రమాదం కూడా ఉంది. లంటానా పువ్వు మీద సీతాకోకచిలుకలు ముసురుకుంటాయి. చూసినవాళ్లు అది మంచి మొక్కే అనుకుంటారు. కానీ వాటి పిల్లలకు ఆ ఆకు పనికిరాదు. పైగా లంటానా మన అడవుల్లోకి చొరబడి, పిల్లలకు తిండి పెట్టే మొక్కలను మొలవనివ్వకుండా చేసింది. అతిథికి కాఫీ ఇచ్చి, పసిబిడ్డకు అన్నం లేకుండా చేసిన ఇల్లు అది.

కరివేపాకు కొమ్మ మీద కథ

దీన్ని కళ్లతో చూడాలంటే కరివేపాకు మొక్కో నిమ్మ మొక్కో చాలు. వానలు పడి లేత చిగురు వచ్చాక రోజూ ఉదయం ఆకులు గమనించండి. నలుపూ పసుపూ గళ్ల రెక్కల నిమ్మ సీతాకోకచిలుక, లేదా నల్లటి కామన్ మార్మన్ వచ్చి చిగురు చుట్టూ తడబడుతున్నట్టు తిరుగుతుంది. ఒక ఆకు మీద వాలి ముందుకాళ్లతో చకచకా తడుతుంది. అది రుచి చూడటం. రుచి తెలుసుకునే కణాలు దాని కాళ్లలో ఉంటాయి. సరైన ఆకేనని తేలాక పొట్ట వంచి, లేత పసుపు రంగులో గుండ్రటి గుడ్డు ఒకటి అంటిస్తుంది. మిల్లీమీటరు ఉంటుందంతే. మరో గుడ్డు మరో ఆకు మీద.

కొద్ది రోజుల్లో బయటికొచ్చిన పిల్ల పక్షి రెట్టలా ఉంటుంది. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి పట్టీ, పైన తడి మెరుపు. ఆకు మీద రెట్ట పడిందనుకుని పిట్ట పక్కకు పోతుంది. నాలుగు దశల దాకా ఇదే వేషం. అయిదో దశకు ఒళ్లు పెద్దదవుతుంది. అంత పెద్ద రెట్ట ఉండదు కాబట్టి వేషం మార్చి ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకి చూడండి. తల వెనకనుంచి చీలిన నాలుక లాంటి ఎర్రటి అవయవం బయటికి తోస్తుంది. వెంటనే ఘాటైన వాసన కొడుతుంది.  చీమలు, చిన్న కందిరీగలు ఆ వాసనకు వెనక్కి తగ్గుతాయి.

గుడ్డు నుంచి రెక్కలు విప్పుకునే దాకా దాదాపు నెల. ఈ నెలలో తినే ఆకులో ఎక్కువ భాగం చివరి దశలోనే తింటుంది. చిన్న కుండీలో నాలుగైదు పురుగులు పడితే మొక్క బోడి అయిపోతుంది. దీనికి సులువైన దారి, కరివేపాకు మొక్కలు రెండు పెట్టుకోవడం. వంటకు ఒకటి, వాటికి ఒకటి. వంట మొక్క మీద కనిపించిన పురుగును ఆకుతో సహా రెండోదాని మీదికి మార్చండి. కరివేపాకు మొండిది, కొట్టేస్తే ఎలా చిగురిస్తుందో తింటే అలాగే చిగురిస్తుంది.

కామన్ మార్మన్ ఆడదానిలో ఇంకో వింత ఉంది. కొన్ని ఆడవి మగదాని లాగే ఉంటాయి. మరికొన్ని అసలు ఆ జాతే కాదన్నట్టుగా ఎర్ర మచ్చలతో ఉండి, కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలను పోలి ఉంటాయి. ఆ రెండూ ఈశ్వరి తీగ తిని పెరుగుతాయి. ఈశ్వరిలోని విషం వాటి ఒంట్లో ఉంటుంది, పిట్టలు ముట్టవు. మార్మన్‌లో విషం లేదు, వేషం మాత్రమే ఉంది. ఈ వేషధారణను ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లోనే వివరించారు. ఒకే జాతిలో ఇన్ని రూపాలు ఎలా సాధ్యమన్న ప్రశ్న నూట యాభై ఏళ్లు తేలలేదు. జీవశాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే, తోటి పరిశోధకులు 2014లో నేచర్ పత్రికలో జవాబు ప్రచురించారు. ఆడ, మగ లక్షణాలను నిర్దేశించే డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు ఈ వేషాన్నీ నడుపుతోందని తేలింది. ఇంత పరిశోధనకు విషయమైన ప్రాణి మన వంటింటి వెనక కరివేపాకు మీద పెరుగుతుంది.

జిల్లేడు విషం, పావిలికూర మోసం

గోడ పక్కన మొలిచిన జిల్లేడును చాలామంది పీకేస్తారు. దాని పాలలో గుండెకు హాని చేసే విషాలున్న మాట నిజం. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పసిపిల్లలు ఆడుకునే చోట వద్దు, తుంచేటప్పుడు జాగ్రత్త. మరో మూల స్థలం ఉంటే మాత్రం ఒక్కటి ఉంచండి. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో ఆ ఆకు మీద పట్టపగలే కనిపించేలా తింటూ ఉంటుంది. దాక్కోదు. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకున్నదానికి దాక్కునే అవసరం లేదు. నారింజ రంగు రెక్కలు కూడా "నన్ను తినకు" అన్న హెచ్చరికే. ఈ కుటుంబానికే చెందిన మోనార్క్ సీతాకోకచిలుకను పెట్టి అమెరికాలో లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త 1960ల్లో ప్రయోగాలు చేశారు. ఒకసారి తిని వాంతి చేసుకున్న పక్షి మళ్లీ ఆ రంగు జోలికి పోలేదు.

ఆ భయాన్ని వాడుకునే మోసగత్తె ఒకటుంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది. దానిలో జిల్లేడు విషం లేదు, ఎందుకంటే అది పెరిగేది మనం పప్పులో వేసుకునే గంగపావిలి కూర మీద. కాబట్టి జిల్లేడు ఒకటీ పావిలికూర ఒక మడీ ఉంటే అసలుదీ నకిలీదీ రెండూ మీ తోటలోనే తిరుగుతాయి.

టైగర్లకూ క్రోలకూ ఇంకో అవసరం ఉంది. వాటిలో మగవి జనుము, గిలిగిచ్చ మొక్కల మీద, ముఖ్యంగా వాడిన కొమ్మల మీద, గుంపులుగా వాలి ఆకును గీరి రసం పీలుస్తాయి. అది ఆకలికి కాదు. ఆ రసంలోని క్షారాలతో ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారు చేసుకుంటాయి. పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లే రైతులకు ఇది పొలంలో తెలిసిన దృశ్యమే. తోటలో ఓ మూల గుప్పెడు జనుము గింజలు చల్లితే నేలకు నత్రజనీ దక్కుతుంది, వీటికి మందూ దొరుకుతుంది.

పిట్టలకు గింజలు చాలవు

గోదావరి జిల్లాల్లో వరికంకుల కుచ్చులు అల్లి చూరుకు వేలాడదీసే అలవాటు ఉంది. పిచ్చుకలు వచ్చి తింటాయి. మంచి అలవాటే. ఇప్పుడు పట్టణాల్లోనూ కుచ్చులు, చెక్క గూళ్లు కొనుక్కుని కడుతున్నారు. గూడు పెట్టినా పిచ్చుకలు పిల్లలు తీయడం లేదని బాధపడేవాళ్లు ఒక విషయం గమనించాలి. పెద్ద పిచ్చుక గింజ తింటుంది. గూట్లో ఉన్న పిల్లకు కావలసింది మెత్తటి పురుగు. తేనెపిట్ట కూడా అంతే. పెద్దది పూలతేనె తాగుతుంది, పిల్లలకు మాత్రం పురుగులు, సాలీళ్లు తెచ్చి పెడుతుంది. ఎదిగే ఒంటికి మాంసకృత్తులు కావాలి, అవి తేనెలో లేవు.

ఎంత పురుగు కావాలి? అమెరికాలో డగ్లస్ టాలమీ అనే కీటక శాస్త్రవేత్త చికడీ అనే చిన్న పిట్ట గూడును లెక్కగట్టారు. పిచ్చుక కంటే చిన్నదైన ఆ పిట్ట ఒక్క ఈడు పిల్లలను ఎగిరే దాకా పెంచడానికి ఆరు వేల నుంచి తొమ్మిది వేల గొంగళిపురుగులు కావాలి. ఆయన, సహ పరిశోధకులు వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఇళ్ల తోటల్లో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. తోటలోని పచ్చదనంలో స్థానిక మొక్కలు డెబ్భై శాతం కంటే తక్కువగా ఉన్న చోట ఆ పిట్టల సంఖ్య నిలబడలేదు. మన పిట్టల లెక్క వేరే కావచ్చు, సూత్రం ఒకటే. ఆకు మీద పురుగు లేకపోతే కొమ్మ మీద గూడు నిలవదు.

గూటికి సరుకు కూడా తోటే ఇవ్వాలి. దర్జీ పిట్ట వెడల్పాటి ఆకుల అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, సాలీడు దారంతో, దూదితో కుడుతుంది. తేనెపిట్ట కూడా వేలాడే గూడును సాలీడు దారంతోనే బిగిస్తుంది. తోటలో మొక్కల మధ్య ఉన్న సాలెగూళ్లను దులిపేయకండి. కంసాలి పిట్ట ఎండుకొమ్మను తొలిచి గూడు చేసుకుంటుంది. ఎవరి నెత్తినా పడే ప్రమాదం లేని ఎండుకొమ్మను ఉంచెయ్యడమంటే ఖర్చు లేకుండా ఒక ఇల్లు కట్టివ్వడం.

పువ్వును విప్పి చూడండి

పూలమొక్క కొనేటప్పుడు మనం చూసేది రేకులను. తేనెటీగ చూసేది మధ్యలో ఉన్నదాన్ని. ముద్దమందారం పువ్వును విప్పి, పక్కన ఒంటిరేకు మందారం పెట్టి పోల్చండి. ఒంటిరేకు దానిలో మధ్య కాడ, దాని నిండా పసుపు పుప్పొడి, అడుగున తేనె ఉంటాయి. ముద్దదానిలో కేసరాలే రేకులుగా మారిపోయి ఉంటాయి. పుప్పొడి కరువు, తేనె దగ్గరికి దారి మూసుకుపోయి ఉంటుంది. నందివర్ధనం, శంఖుపువ్వు, గులాబీ అన్నిటిలోనూ ఇదే తేడా. దేవుడి గదికి ముద్దపూలు పెంచుకోండి, తోటలో ఒంటిరేకు రకాలనూ ఉంచండి.

తంగేడు పువ్వులో తేనె అసలే లేదు. ఉన్నది పుప్పొడి, అదీ కేసరాల లోపల బంధించి ఉంటుంది. కొసన సన్నటి రంధ్రాలు మాత్రమే. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి కేసరాలను కరచి పట్టుకుని, రెక్కలు కదపకుండా ఎగిరే కండరాలను మాత్రం కంపింపజేస్తుంది. జుమ్మన్న శబ్దం ఒక్కసారిగా శ్రుతి పెంచి వినిపిస్తుంది. ఆ కంపనానికి పుప్పొడి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. వంగ, టమాటా పూలది కూడా ఇదే ఏర్పాటు. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెదకూ, నీలిరంగు పట్టీల తేనెటీగకూ వచ్చు. మిద్దెతోటలో వంగ పూత రాలిపోతోందని బాధపడేవాళ్లు మందుకంటే ముందు తుమ్మెద సంగతి చూడాలి. తుమ్మెద ఎండిన కర్రనో వెదురునో తొలిచి కాపురం పెడుతుంది. రెండు వెదురు ముక్కలు వానకు తడవని చోట అడ్డంగా కట్టి ఉంచండి.

ప్రపంచంలో తేనెటీగ జాతులు ఇరవై వేలు. పట్టు పెట్టి గుంపుగా బతికేవి వాటిలో కొన్నే. మిగతావి ఎక్కువగా ఒంటరివి. చాలావాటికి ఇల్లు నేలలోని బొరియ. తోట మొత్తం టైల్స్ పరిచినా, కార్పెట్ గడ్డి వేసినా వాటికి తలుపు మూసేసినట్టే. ఎండ తగిలే చోట చాపంత నేలను ఖాళీగా వదిలితే చాలు. గులాబీ ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి కోతలు కనిపిస్తే అది తెగులు కాదు. ఆకులు కోసే తేనెటీగ ఆ ముక్కలతో పిల్లలకు గదులు కట్టుకుంటోంది.

చెత్త, నీళ్లు, చీకటి

రాలిన ఆకులు ఊడ్చి కాల్చడం మన ఇళ్లలో రోజువారీ పని. ఆ ఆకుల కింద వానపాములు, గోదురుకప్పలు, నలికిరులు, మిణుగురుల పిల్లలు ఉంటాయి. మిణుగురు పిల్ల తడి చెత్తలో నత్తలను వేటాడి పెరుగుతుంది. వాకిలి ఊడ్చుకోండి, పెరటి చెట్ల మొదళ్లలో ఆకులను మాత్రం అలాగే వదలండి. పాములొస్తాయన్న భయం సహజం. పాములను ఇంటికి రప్పించేది ఎక్కువగా ఎలుకలు. గింజలు నేల మీద చల్లకుండా, తిండి వ్యర్థాలు పడెయ్యకుండా ఉంటే ఎలుకలు తగ్గుతాయి. ఆకుల కుప్ప, కట్టెల మోపు గుమ్మానికి దూరంగా, ప్రహరీ వైపు పెట్టుకోవాలి. రాత్రి పెరట్లోకి వెళ్లేటప్పుడు టార్చి లైటు వేసుకోవాలి.

ఎండాకాలంలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టేవాళ్లు చాలామందే. లోతు రెండంగుళాలు దాటకూడదు. మధ్యలో ఒక రాయి పెడితే తేనెటీగలు మునగకుండా తాగుతాయి. దోమ గుడ్డు పిల్లయి, పిల్ల దోమై ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే దోమల భయం లేదు. కొన్ని దోమల గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి కాబట్టి మూకుడును పీచుతో తోమాలి. పక్కనే పళ్లెంలో తడి ఇసుక ఉంచితే మగ సీతాకోకచిలుకలు వాలి లవణాలు పీలుస్తాయి.

మల్లె, విరజాజి, పారిజాతం లాంటి తెల్లపూలు రాత్రిపూట విచ్చుకుని వాసన వెదజల్లేది మనకోసం కాదు, రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం. ఆ పక్కనే రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైటు పెడితే పురుగులు పువ్వును వదిలి దీపం చుట్టూ తిరిగి అలసి చస్తాయి. మనిషి కదిలినప్పుడే వెలిగే లైటు పెట్టుకుంటే భద్రతా ఉంటుంది, కరెంటూ మిగులుతుంది.

మందు కొట్టే ముందు

చిక్కుడు కొసల మీద పేనుబంక, మందారానికి పిండినల్లి చూడగానే మందు డబ్బా కోసం చెయ్యి వెళ్తుంది. ఓ పదిరోజులు ఆగి చూడండి. పేనుబంక ఉన్న చోటికి అక్షింతల పురుగులు వస్తాయి. అల్లిక రెక్కల పురుగు సన్నటి కాడల చివర గుడ్లు పెట్టి పోతుంది. వాటి పిల్లలు పేనుబంకను తినేస్తాయి. తినేవి రావాలంటే తినదగ్గవి కొంచెమైనా ఉండాలి. మొదటి రోజే మందు కొడితే రెండూ చస్తాయి. తర్వాత ముందుగా పుంజుకునేది పేనుబంకే. ఎందుకంటే అది త్వరగా పిల్లలు పెడుతుంది, దాన్ని తినేవి నిదానంగా పెరుగుతాయి. ఆగలేకపోతే నీళ్ల గొట్టంతో గట్టిగా కొట్టండి, పిండినల్లిని తడిగుడ్డతో తుడవండి.

ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులతో ఇంకో చిక్కుంది. అవి మొక్క ఒంట్లోకి ఎక్కి పుప్పొడిలోకీ తేనెలోకీ చేరతాయి. యూరోపియన్ యూనియన్ 2018లో ఇలాంటి మూడు మందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది. నర్సరీలో మొక్క కొనేటప్పుడు ఏ మందు వాడారో అడగండి. వేపనూనె మొక్కల నుంచి వచ్చిందే అయినా గొంగళిపురుగులను వదలదు. సీతాకోకచిలుకల కోసం పెట్టిన మొక్క మీద దాన్నీ కొట్టకూడదు.

ఎంత చోటుకు ఏ మొక్కలు

అపార్టుమెంటు బాల్కనీకి కరివేపాకు, నిమ్మ, తులసి, ఒక వెడల్పు తొట్టిలో గంగపావిలి, ఒంటిరేకు నూరువరహాలు చాలు. తులసిని ఎప్పుడూ వెన్ను తుంచకుండా ఒక మొక్కనైనా పూతకు వదలండి, చిన్న తేనెటీగలు పొద్దంతా దాని మీదే ఉంటాయి. కుండీలో తనంతట తాను మొలిచే పులిచింతను పీకకండి. గోరంత నీలి సీతాకోకచిలుక పేల్ గ్రాస్ బ్లూకు అదే ఇల్లు.

ఇంటి చుట్టూ కాస్త నేల ఉంటే తంగేడు, ముళ్లగోరింట, గన్నేరు, ఒక ఆముదం మొక్క, కంచెకు ఈశ్వరి తీగ, పందిరికి చిక్కుడు. ఆముదం మీద కామన్ కాస్టర్, చిక్కుడు మీద పీ బ్లూ సీతాకోకచిలుకలు వస్తాయి. ఈశ్వరిని నాటువైద్యం పేరుతో లోపలికి తీసుకోవద్దు, అందులోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది. స్థలం ఇంకా ఉంటే రేల, కానుగ, మారేడు, రేగు. రేల ఆకు మీద పెరిగే కామన్ ఎమిగ్రెంట్ వానాకాలంలో గుంపులుగా ఎగురుతుంది. ఊరి బయట తోట ఉన్నవాళ్లు మేడి చెట్టు వేసుకుంటే బుల్‌బుల్, కంసాలి పిట్ట, గబ్బిలాలు, కోయిల అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటి పునాదికి దగ్గరలో మాత్రం వద్దు, వేళ్లు గోడను చీలుస్తాయి.

నాటడానికి తొలకరి మంచి అదను. ఒకే రకం పది కాకుండా, ఎత్తులు వేరుగా ఉన్నవి కలిపి నాటాలి. నేలకు గడ్డి, మోకాలెత్తు పొద, పైన చెట్టు ఉంటే ఒక్కో అంతస్తులో ఒక్కో ప్రాణి ఉంటుంది. ఏడాది పొడవునా ఏదో ఒకటి పూతలో ఉండేలా చూసుకోవాలి. మొదటి వానాకాలంలోనే కరివేపాకు మీద గుడ్లు కనిపిస్తాయి. పిట్ట గూడు కట్టడానికి పొదలు చిక్కబడాలి, దానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు.

ఒక్క ఇంటి తోటతో ఏమవుతుందన్న సందేహం రావచ్చు. నిమ్మ సీతాకోకచిలుకకు మీ ప్రహరీగోడ తెలియదు. అది ఒక రోజులో వీధులు దాటి తిరుగుతుంది. కానీ తిరిగినంత మేరా ఒక్క నిమ్మజాతి మొక్కయినా దొరక్కపోతే గుడ్డు పెట్టకుండానే దాని ఆయుష్షు తీరిపోతుంది. అందుకే ఈ పని ఒక పెద్ద తోటకంటే వంద చిన్న తోటలకు ఎక్కువ అబ్బుతుంది. కాలనీ సంఘం పార్కులో ఒక్క మూలను గడ్డి కోయకుండా, మందు కొట్టకుండా వదలమని అడగండి. ప్రహరీ పక్కన కోనోకార్పస్ వరుస వెయ్యబోతుంటే తంగేడు, కానుగ, రేల వెయ్యమని చెప్పండి. చిల్లులు పడిన ఆకులు చూసి పక్కింటివాళ్లు మీ తోటకు తెగులు తగిలిందంటే, వాళ్లకు ఒక కరివేపాకు మొక్క ఇచ్చి, ఆ చిల్లు చేసినదాన్ని ఆకు తిప్పి చూపించండి.